తూర్పు కీలు

భాద్రపదం, సోమవారం. సముద్రం నెమ్మదిగా ఉంది.

పొద్దున్నే కీళ్ళకు మందు పట్టాను. మందంటే మానుడురాయి లోపలి సన్నటి గొట్టాల్లో ఉండే చిక్కటి ద్రవం. రాయి పగిలితే ఆ గొట్టాలూ తెగుతాయి. ద్రవం కారి, ఉప్పునీరు తగలగానే గడ్డకట్టి, పగులును మూసేస్తుంది. ఆ రాయి అసలు పేరు పలకడానికి ఎవరికీ నోరు తిరగదు. గాయం మానినట్టు మానుతుంది కాబట్టి తెప్పల మీద అందరూ మానుడురాయి అనే అంటారు. ఇళ్ళు, బడి, ఆసుపత్రి, నా ప్రయోగశాల, అన్నీ తెప్పలే. ఒక తెప్పకూ ఇంకో తెప్పకూ మధ్య ఈ రాతి కీలు ఉంటుంది. అల లేచినప్పుడు కీలు వంగుతుంది, కాస్త పగులుతుంది, మళ్ళీ మానుతుంది. పదేళ్ళుగా ఇలాగే గడుస్తోంది.

మందు పట్టడం అయ్యేసరికి మా తెప్పల పెద్ద సంగాని ధర్మారావుగారు వచ్చారు. తలుపు దగ్గరే నిలబడి తలపాగా విప్పి మెడ తుడుచుకున్నారు.

"పిల్లలు బడికెళ్ళమని ఏడుత్తన్నారమ్మా సువర్చలా. కీలు మీద గీతలు కనపడితే మునిగిపోతామని బయం."

"అవి మానిపోతాయి కదండీ. రెండు రోజులే కదా."

"మానుద్దని నీకు తెలుసు, నాకు తెలుసు. ఆ రెండ్రోజులూ జనానికి కూడు దిగట్లేదు. తూర్పు కీలు మీద అడుగెయ్యాలంటే ఆడోళ్ళు ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు పట్టుకుని దాటుతున్నారు. పైపైన తొందరగా మూసుకుపోయేలా ఏమన్నా చెయ్యగలవా?"

చెయ్యగలనన్నాను. ఆయన ముఖం వెంటనే తేటపడింది. నాకూ సంతోషంగానే అనిపించింది. కీళ్ళకు మందు పట్టే మనిషిని ఎవరూ ఏమీ అడగరు. అడిగినప్పుడు కాదనబుద్ధి కాలేదు.


భాద్రపదం, గురువారం. చిరుజల్లు.

రాయి మోయగలిగిన ద్రవానికి ఒక హద్దు ఉంది. గొట్టాలు మరీ ఎక్కువైతే రాయే మెత్తబడుతుంది. అందుకని కొత్తగా చేర్చకుండా, ఉన్నవాటినే జరిపాను. లోపలి గొట్టాలు తగ్గించి, పైపొర కింద దట్టంగా అల్లాను. వంగినప్పుడు పగుళ్ళు పుట్టేది పైపొరలోనే. లోపల పుట్టేవి చాలా తక్కువని లెక్క చెప్పింది.

నమూనా పలకను యంత్రంలో వంచితే ఫట్మని పగిలింది. నేను టీ కలుపుకుని వచ్చేలోపు పగులు కనిపించకుండా పోయింది. వేలితో తడిమాను. అద్దంలా ఉంది.

ధర్మారావుగారికి చూపించాను. ఆయన ఆ పలకను ఇంటికి తీసుకెళ్ళి చుట్టుపక్కలవాళ్ళందరికీ చూపించారట. తూర్పు కీలుతో మొదలుపెట్టి ఒక్కొక్కదానికీ కొత్త రాయి పోస్తున్నాం.


ఆశ్వయుజం, బుధవారం. ఎండ. అలలు లేవు.

అన్ని కీళ్ళూ మారాయి. గీత అనేది ఎక్కడా కనిపించదు. పిల్లలు కీళ్ళ మీద తొక్కుడుబిళ్ళ ఆడుతున్నారు.

నిన్న సాయంత్రం సత్యవేణి నా దగ్గరికి వచ్చింది. మాది ఒకే తెప్ప, గోడకు గోడ. ఆమెకు పెసరట్టు బండి ఉంది. వాళ్ళాయన నూకరాజు పిండి రుబ్బి డబ్బాలు మోసుకొస్తాడు, ఆమె పోస్తుంది. ఇన్నాళ్ళూ ఇంటి ముందే పోసేది. అక్కడ గాలి ఆడదు, పొగంతా వచ్చినవాళ్ళ మొహాన కొడుతుంది.

"వదినా, తూర్పు కీలు మీద వెడల్పుగా బావుంది. రెండు తెప్పలోళ్ళూ దాటే దారి. బండి అక్కడెట్టుకుంటే ఎట్టా ఉంటది?"

"నిక్షేపంగా పెట్టుకో."

"బరువుకేం కాదుగా?"

"నీ బండీ నువ్వూ నీ మొగుడూ కలిసి కూడా ఒక అలంత బరువుండరు."

నవ్వుకుంటూ వెళ్ళింది. ఇవాళ మొదటి అట్టు నాకే పోసింది. అల్లం పచ్చడిలో బెల్లం కాస్త ఎక్కువైంది. అయినా రెండు తిన్నాను.


ఆశ్వయుజం, మంగళవారం. మబ్బు.

కీలుకు పోసిన రాయితోనే ఒక దిమ్మ చేసి, కీలు కిందే నీళ్ళలో రెండు తెప్పలకూ బిగించి ఉంచడం పద్ధతి. కీలు పడే పాట్లన్నీ ఆ దిమ్మా పడుతుంది. దాన్ని కోసి చూస్తే కీలు సంగతి తెలుస్తుంది. ఇవాళ తూర్పు కీలు దిమ్మను పైకి తీశాను.

నాచు గీకి కడిగితే పైనంతా నున్నగా మెరిసిపోతోంది. రంపం పెట్టి అడ్డంగా కోశాను. సగానికి వచ్చేసరికి రంపం ఉన్నట్టుండి వదులుగా ఆడింది. రెండు ముక్కలూ విడదీసి దీపం కిందకు జరిపాను.

లోపలంతా బీటలే. పైపొరకు అంగుళం కింద మొదలై నడిమధ్య దాకా, ఒకదాన్నొకటి కలుపుకుంటూ పోయాయి. గొట్టాల్లో సూది గుచ్చి చూశాను. చుక్క లేదు. నేను రోజూ పట్టిన మందంతా పైపొరే తాగేసింది.

నా తప్పు ఎక్కడుందో వెంటనే తెలిసింది. అల కీలును వంచుతుందనే లెక్క కట్టాను. రెండు తెప్పలూ చెరో అల మీదా ఉన్నప్పుడు కీలును చెరోవైపూ లాగుతాయి. ఆ లాగుడు నడిమధ్య దాకా పడుతుంది. దాన్ని బాగా తక్కువ వేశాను. పాత రాయైతే లోపలి పగులు మెల్లగా పైకి వచ్చి కనపడేది. ఇప్పుడు పైకి రాగానే మూసుకుపోతోంది.

ధర్మారావుగారి దగ్గరికి బయల్దేరాను. ప్రయోగశాల మెట్టు దాకా వెళ్ళి ఆగాను. ఒక్క దిమ్మే కదా, పోతపోసేటప్పుడే గాలి చేరి ఉండొచ్చు కదా అనిపించింది. ఇంకోటి చూసి చెబుదామనుకున్నాను. చెబితే తెప్పలన్నీ విడదీసి జనాన్ని గట్టు మీది శిబిరాలకు పంపాల్సి వస్తుంది. తెప్పలెక్కకముందు అక్కడి రేకుల షెడ్లలో జ్వరాలతో ఎంతమంది పోయారో ఇక్కడ ప్రతి ఇంటికీ తెలుసు. ఒక్క దిమ్మ చూసి అంత మాట ఎలా అంటాను?

ఇది నేను చెప్పుకున్న కారణం. ఇంకొకటి కూడా ఉంది. శుక్రవారం దక్షిణాది తెప్పల నుంచి ఇంజనీర్లు వస్తున్నారు, నా రాయిని చూడటానికి.

ముక్కల మీద గోనెగుడ్డ కప్పాను.


ఆశ్వయుజం, శుక్రవారం. తూర్పుగాలి.

నిన్న రెండో దిమ్మ తీశాను. బడి కీలుది. అందులోనూ అంతే. తూర్పు కీలంత లేవు గానీ, అవే బీటలు.

ఇవాళ ఇంజనీర్లు ముగ్గురు వచ్చారు. వాళ్ళను తూర్పు కీలు మీద నిలబెట్టి గంటసేపు మాట్లాడాను. ఒకాయన మోకాళ్ళ మీద కూర్చుని అరచేత్తో రాయిని నిమిరాడు. "ఎంత నున్నగా ఉందండీ!" అన్నాడు. నేను నవ్వాను. ఆ సమయంలో నా కాళ్ళ కింద ఏముందో అక్కడ నాకొక్కదానికే తెలుసు.

సత్యవేణి వాళ్ళకు అట్లు పోసింది, ఉల్లిపాయలు దట్టించి. వాళ్ళు వెళ్ళాక పెనం గీకుతూ నా వైపు చూసింది.

"రెండ్రోజుల నించీ నువ్వు అట్టు ముట్టట్లేదు. ఇక్కడ నిలబడట్లేదు కూడాను. ఏం వదినా, ఏవన్నా తేడాగా ఉందా?"

ఇంకెవరైనా అడిగి ఉంటే తప్పించుకునేదాన్నేమో. ఆమె గరిటె పక్కన పెట్టి, సమాధానం కోసం చూస్తోంది. నూకరాజు కూడా డబ్బా దించి నిలబడ్డాడు.

"ఏం లేదు. ఈ వచ్చినవాళ్ళ హడావుడి. కీలు గట్టిదే."

"నువ్వు చెప్పావంటే సాలు," అంది.

ఎల్లుండి ఆదివారం తెప్పల సభ ఉంది. అక్కడ అందరి ముందూ చెప్పేస్తాను. రెండు రోజుల్లో ఏమీ కాదు. గాలి పెద్దగా లేదు.


ఆశ్వయుజం, శనివారం.

ఇది ఇవాళే రాయాలి.

ఇక్కడ తుఫాను లేదు. ఆకాశం తేటగా ఉంది. ఎక్కడో నడిసముద్రంలో పుట్టిన తుఫాను తాలూకు అల పొద్దున మా దాకా వచ్చింది. ఎత్తు లేదు గానీ చాలా పొడవాటి అల. ఒక తెప్ప పైకి లేస్తుంటే పక్క తెప్ప కిందికి దిగుతోంది. ప్రయోగశాల బల్ల మీది సీసాలు ఒక పక్కకు జరగడం చూసి నేను బయటికి పరుగెత్తాను.

తూర్పు కీలు మీద పొద్దుటి జనం ఉన్నారు. సత్యవేణి అట్టు తిరగేస్తోంది. బడి మాస్టారు అచ్యుతంగారు ఆకు పట్టుకుని నిలబడ్డారు. నూకరాజు పిండి డబ్బాతో వస్తున్నాడు.

"దిగిపోండి! అందరూ తెప్పల మీదికి వెళ్ళిపోండి!" అని అరిచాను.

తలలు నా వైపు తిరిగాయి. ఎందుకని అడుగుతున్నట్టు చూశారు. కొందరు అంచుకు జరిగారు, మిగతావాళ్ళు కదల్లేదు. ఎందుకు కదులుతారు? నిన్ననే గట్టిదని చెప్పాను.

మళ్ళీ అరిచేలోపు రాయి విరిగింది. పెద్ద చప్పుడేమీ రాలేదు. ఎండిన కొబ్బరి మట్ట విరిచినట్టు ఒక చిన్న శబ్దం, అంతే. మధ్యలో గీత పడింది, గీత వెడల్పయింది. బండి ఒరిగి నీళ్ళలో పడి చుయ్యిమంది. సత్యవేణి తెప్ప అంచు పట్టుకుంది, ఎవరో ఆమెను పైకి లాగారు. అచ్యుతంగారు విరిగిన కీలు చివర వేలాడుతున్నారు. నూకరాజు డబ్బా వదిలేసి దూకి, ఆయన్ను రెండు చేతులతో ఎత్తి అవతలి తెప్ప మీదికి తోశాడు. ఆయన వెళ్ళి పడ్డారు. నూకరాజు వెనక్కి తిరిగేలోపు అల దిగి, విడిపోయిన తెప్పలు రెండూ మళ్ళీ దగ్గరకొచ్చాయి.

అతని ఎడమ కాలు మధ్యలో ఉంది.

తెప్ప మళ్ళీ లేచేదాకా మేం ఏమీ చెయ్యలేకపోయాం. నేను అతని చంకల కింద చేతులు వేసి పట్టుకున్నాను. "అక్కా, వదలకు," అన్నాడు. తర్వాతి అల రాగానే ఇద్దరు ముగ్గురం కలిసి లాగాం. నా చున్నీ విప్పి తొడకు కట్టు బిగించాను.

ఆసుపత్రిలో కాలు మోకాలి కింద తీసేశారు. ప్రాణానికి భయం లేదని డాక్టరుగారు చెప్పారు.

ఆసుపత్రి వరండాలో జనం నా చేతులు పట్టుకున్నారు. "నువ్వు అరవబట్టి సగం మందైనా అంచుకు జరిగారు తల్లీ," అన్నారు. ఒక ముసలావిడ నా బుగ్గలు నిమిరి మెటికలు విరిచింది. నేను వాళ్ళను ఆపలేదు. కానీ సత్యవేణి లేచి వచ్చి నా భుజం మీద తల పెట్టి, "నువ్వే దిక్కయ్యావు వదినా," అన్నప్పుడు ఇక దాచలేకపోయాను.

ఆమెను పక్కకు తీసుకెళ్ళి చెప్పాను. మంగళవారం కోసిన దిమ్మ సంగతి, గురువారం కోసిన దిమ్మ సంగతి, శుక్రవారం ఆమె అడిగినప్పుడు నాకు అన్నీ తెలుసన్న సంగతి.

ఆమె ఏడుపు ఆగిపోయింది. నా ముఖంలో ఏదో వెతుకుతున్నట్టు చూసింది. కొట్టినా బాగుండేది.

"మిగతా కీళ్ళు కూడా అట్టాగే ఉన్నాయా?"

"ఉన్నాయి. అన్నీ అదే రాయి."

"మరి ఇక్కడ నిలబడి నాకు చెప్తారేంటి సువర్చలగారూ? ఎళ్ళి పెద్దాయనకి చెప్పండి."

పదేళ్ళలో ఆమె నన్ను మీరు అనడం అదే మొదటిసారి.


ఆశ్వయుజం, ఆదివారం. అల తగ్గింది.

ధర్మారావుగారు కాదంటారని, రుజువులడుగుతారని, గట్టు మీదికి పోవడానికి ఒప్పుకోరని నాలో నేను ఎన్ని వాదనలు తయారు చేసుకున్నానో. ఆయన కొడుకు శిబిరంలోనే జ్వరంతో పోయాడు. అందుకే ఆయనకు చెప్పడం కష్టమనుకున్నాను.

నిన్న ఆసుపత్రి నుంచి వచ్చి, కోసిన ముక్కలు తీసుకుని ఆయన దగ్గరికి వెళ్ళాను. రెండింటినీ చేతిలో పట్టుకుని చూశారు. ఒక్క ప్రశ్నే అడిగారు.

"ఎప్పుడు కోసావమ్మా ఇది?"

"మంగళవారం."

"మంగళారమే చెప్పుంటే బుధారానికి ఇడగొట్టేసేవాళ్ళం కదా."

అంతే. అరవలేదు. తలపాగా చుట్టుకుని బయటికి వెళ్ళి సభ గంట కొట్టించారు. చీకటి పడేలోపు కీళ్ళన్నీ కోసేసి, తెప్పల్ని తాళ్ళతో దూరదూరంగా కట్టేశారు. పడవలు పిల్లల్ని గట్టుకు చేర్చడం మొదలుపెట్టాయి.

నాకు అడ్డుపడతారనుకున్న మనిషి అసలు అడ్డే కాదు. నాకు నేనే అడ్డుపడ్డాను.


కార్తీకం, గురువారం. గట్టు మీది శిబిరం.

రేకుల కింద ఉక్కగా ఉంటోంది. మంచినీళ్ళ కోసం వరసలో నిలబడాలి. ఇద్దరు పిల్లలకు జ్వరం వచ్చి తగ్గింది. జ్వరం వచ్చిన ప్రతిసారీ ఆ ఇంటి ముందు నుంచి వెళ్ళకుండా చుట్టూ తిరిగి వెళ్తున్నాను.

నిన్న సభ పెట్టారు. జరిగిందంతా నేనే లేచి చెప్పాను. నన్ను పనిలోంచి తీసెయ్యమని, ఏ శిక్ష వేసినా పడతానని అన్నాను. అచ్యుతం మాస్టారు లేచారు. ఆయన మెడకు ఇంకా పట్టీ ఉంది.

"నువ్వు శిక్ష అడుగుతున్నావు. అది పడితే నీ గుండె తేలికవుతుంది. మాకేం ఒరుగుతుందమ్మాయ్? మమ్మల్ని మళ్ళీ నీళ్ళ మీద నిలబెట్టే రాయి చెయ్యడం ఇక్కడ ఇంకెవరికీ రాదు. నీకిష్టమున్నా లేకపోయినా చెయ్యాలి. ఇకమీదట కోసిన ప్రతి ముక్కా అదే రోజు జనం ముందు పెట్టాలి."

జనం అవునవునన్నారు. సత్యవేణి చివరి వరసలో కూర్చుని ఉంది. సభ ముగియకముందే లేచి వెళ్ళిపోయింది.


మార్గశిరం, సోమవారం. చలిగాలి.

కొత్త మిశ్రమం కుదిరింది. ఈసారి మందు ముందు నడిమధ్యకు చేరి, అక్కడ నిండాకే పైపొరకు వస్తుంది. పైన గీతలు పడతాయి, రోజుల తరబడి కనపడతాయి. దిమ్మలను వారం వారం శిబిరం మధ్యలో అందరి ముందే కోస్తున్నాను. మొదట్లో జనం గుమిగూడేవారు. ఇప్పుడు దారినపోతూ ఒకసారి తొంగిచూసి వెళ్తున్నారు.

అదే రాయితో నూకరాజుకు కాలు చేశాను. ఎవరూ అడగలేదు. అతని చంకకర్రల శబ్దం నా పని షెడ్డు పక్కనుంచి వినపడినప్పుడల్లా నాకు పని సాగడం లేదు. కొలతలు డాక్టరుగారి దగ్గర తీసుకున్నాను. లోపల బోలుగా, తేలిగ్గా వచ్చింది. మోకాలి దగ్గర మెత్తటి తోలు కుట్టించాను.

ఇవాళ మధ్యాహ్నం తీసుకెళ్ళాను. సత్యవేణి నన్ను చూసి చేటలో పప్పు అలాగే వదిలి లోపలికి వెళ్ళింది. నూకరాజు మంచం మీద లేచి కూర్చున్నాడు.

"రా అక్కా, కూచో."

గుడ్డ విప్పి కాలు అతని ఒళ్ళో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూశాడు. తోలును బొటనవేలితో నొక్కాడు. నచ్చిందనుకున్నాను.

"బాగా చేసావక్కా. చాలా కట్టపడ్డావు."

"ఒకసారి పెట్టుకుని చూడు. బిగువుగా ఉంటే సరిచేస్తాను."

అతను కాలును మళ్ళీ గుడ్డలో చుట్టి, జాగ్రత్తగా నా చేతికిచ్చాడు.

"ఆసుపత్రోళ్ళు పట్నం నించి తెప్పిత్తామన్నారు. రెండు నెలలు పడతదంట. నేను ఆగుతాను."

"ఇది గట్టిగా ఉంటుంది రాజూ. నేను స్వయంగా..."

"కోపం కాదక్కా. నామీదొట్టు, కోపం లేదు. ఇది ఏసుకుంటే అడుగేసినప్పుడల్లా నువ్వు గుర్తొత్తావు. నాకది వద్దు."

ఆ మాట నెమ్మదిగానే అన్నాడు. నేను తల ఊపి లేచాను. గుమ్మం దాటుతుంటే వెనక నుంచి, "మంచినీళ్ళన్నా తాగలేదు," అన్నాడు.

షెడ్డుకు వచ్చాను. సాయంత్రం కోయాల్సిన దిమ్మ ఒకటి ఎదురుచూస్తోంది. దానికంటే ముందు కాలును యంత్రంలో బిగించాను. ఒక మనిషి జీవితాంతం వేసే అడుగులకు సరిపడా వంచాను, లాగాను. పైన సన్నటి గీతలు పడ్డాయి. ఆ తర్వాత నిలువునా కోశాను.

లోపల ప్రతి గొట్టమూ తడిగా ఉంది. ఒక్క బీట కూడా లేదు.

రెండు ముక్కలూ శిబిరం మధ్యలోకి తీసుకెళ్ళి బల్ల మీద పెట్టాను. అవేమిటని ఎవరో అడిగారు. చెప్పాను.